గుట్ట దిగే బండి

రెబెక్కమ్మకి కోపం వస్తే ముందు కొంగు బిగిస్తుంది, తర్వాత ప్రార్థన చేస్తుంది, అప్పుడుగాని నోరు తెరవదు. దేవుని పనిలో తిరిగిన మనిషి, నోరు జారితే సంఘంలో మాట పడుతుందని ఆ వరస అలవాటు చేసుకుంది. అయితే బండ్ల కంపెనీ మనిషి గిరిబాబు ఆమె వాకిట్లో వ్యాను దిగి, "అవ్వా, ఈ బండిని ఎవురూ ముట్టుకోకూడదు. నువ్వు గూడా," అన్న రోజు మాత్రం కొంగూ లేదు, ప్రార్థనా లేదు.

"ముట్టుకుంటే ఏంది నాయనా, మాసిపోతాదా? నీ బండేమన్నా కొత్త పెళ్ళికూతురా?"

"అది కాదవ్వా. ఇది ఇంకా అమ్మకానికి రాలా. ఎవురన్నా చూసి ఫోటో తీసినారంటే మా కొంపలు మునుగుతాయి. బండి పెట్టే గది తాళం నీ మనవరాలి దగ్గరుంటాది. పూచీ అంతా ఆ పిల్లదే."

"నా ఇంట్లో నా గదికి తాళమేసి నన్నే పోవద్దంటాడు చూడు!" అని రెబెక్కమ్మ గొణుక్కుంటా లోపలికి పోయి, ఆ మనిషికే గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె కోపం అంతే. మజ్జిగ దాకా గూడా నిలవదు.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. చెన్నై పక్కన బళ్ళు తయారుచేసే కంపెనీ ఒకటి, రోడ్డు లేని చోట తిరగడానికని కొత్తగా చేసిన మోటారుసైకిలు అది. ఇసకలో, బురదలో, రాళ్ళలో పోవాలంట. పొడుగు కాళ్ళ మేకపోతులాగా ఎత్తుగా, సన్నంగా ఉంది. అసలు రూపు తెలియకుండా ఒంటినిండా నల్లా తెల్లా గీతల స్టిక్కర్లు అంటించినారు. అట్టాంటి బండిని అంగట్లోకి వదిలే ముందు తోలి, పడేసి, లేపి, ఏది విరుగుతుందో చూసుకోవాలి కదా! ఆ తోలే మనిషే రెబెక్కమ్మ మనవరాలు అబిగయీలు.

తోలే మనిషే అన్నాను గాని, ఆ ఉద్యోగం ఇంకా దాని చేతికి పూర్తిగా రాలేదు. ఇన్నాళ్ళూ నేర్చుకునే పిల్ల కిందే లెక్క. ఇక్కడ బండిని తోలి చూసే పని ముగిసేలోగా గిరిబాబు "ఈ పిల్ల పనికొస్తుంది" అని పైవాళ్ళకి రాస్తేనే పర్మనెంటు. రాయకపోతే మళ్ళా నెల్లూరు షోరూములో బళ్ళు తుడుచుకుంటా, వచ్చినోళ్ళకి మైలేజీ అప్పజెప్పుకుంటా నిలబడాలి. ఆడపిల్ల ఈ పని చేస్తుందా అని అందరూ ముక్కున వేలేసుకున్నప్పుడు, "చేస్తాది, నాదీ పూచీ" అని ముందుకొచ్చినవాడు గిరిబాబే. పొదలకూరు దగ్గర వరి పండించే రైతుల ఇంటి బిడ్డ. చిన్నప్పుడే మడిలో ట్రాక్టరు దిగబడితే లాగినోడు. మాట గట్టి, మనసు మెత్తన.

బండిని ఏడ తోలి చూడాలా అని కంపెనీలో మాటొచ్చినప్పుడు, "మా బోగోలు పక్కకి రాండి సార్. ఇసక దిబ్బలున్నాయి, ఉప్పుకాలవ బురద ఉండాది, బిట్రగుంట దాటితే రాళ్ళ గుట్ట ఉండాది. అన్నీ ఒక పూట దూరం," అని చెప్పింది అబిగయీలే. చెప్పింది గాని, ఆ దారులన్నీ దానికి చూపించింది ఎవరనుకుంటున్నారు? రెబెక్కమ్మే.

రెబెక్కమ్మ బైబిలు ఉమన్‌గా పనిచేసింది. సంచీలో పాటల పుస్తకాలు పెట్టుకొని పాళెం పాళెం తిరగడం, జబ్బుపడినోళ్ళ మంచం పక్కన కూర్చొని ప్రార్థన చేసి నుదుట నూనె రాయడం ఆ పని. మొదట్లో నడిచేది. తర్వాత సంఘంవాళ్ళు ఒక పాత మోపెడు కొనిచ్చినారు. అబిగయీలు అమ్మా నాయనా శ్రీహరికోట పక్కన పనికి పోతే పిల్ల అవ్వ దగ్గరే పెరిగింది. మోపెడు ముందర నిలబెట్టుకొని, ఇసకలో పడుతూ లేస్తూ, ఇద్దరూ పాటలు పాడుకుంటా పోయేవాళ్ళు. ఒకసారి ఆ పిల్లే హ్యాండిలు తీసుకొని మోపెడుతో సహా ఉప్పుకాలవలోకి పోయింది. తలకాయ నిండా బురదతో పైకి లేచి ఏడవలేదు సరికదా, "అవ్వా, మళ్ళా తోలతా" అంది. అప్పుడే అనుకుంది రెబెక్కమ్మ, దీనికి భయం పెట్టడం దేవుడు మరిచిపోయినాడని.

ఇక వాళ్ళ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఆటో గానీ, ట్రాక్టరు గానీ, పాలవాడి సైకిలు గానీ, కొత్త బండి వస్తే ప్రార్థన చేసి నూనె రాయకుండా చక్రం కదలనీయరు. ఆ నూనె రాసే చెయ్యి చాలామటుకు రెబెక్కమ్మదే. కొబ్బరినూనెలో సాంబ్రాణి పొడి వేసి సన్నసెగ మీద కాచి, చిన్న సీసాలో పోసుకొని రొంటిన పెట్టుకుంటుంది. అట్టాంటిది తన మనవరాలు ఎక్కే బండి తన ఇంటికే వచ్చి, తన మోపెడు పక్కనే నిలబడితే, దానికి ప్రార్థన లేదు, నూనె లేదు. కడుపు రగిలిపోదూ?

"మా పాస్టరు అయ్యగారిని పిలుస్తా, రెండే నిమిషాలు," అని అడిగి చూసింది.

"వద్దవ్వా," అన్నాడు గిరిబాబు.

"పోనీ నేనే దూరం నించి..."

"అవ్వా!"

సరే, ఊరుకుంది. మొదటి రోజు ఇసక దిబ్బలు. సరుగుడు తోపుల్లో దూరి, దిబ్బ మీదికెక్కి సముద్రం వైపు దూకించింది అబిగయీలు. రెండో రోజు ఉప్పుకాలవ గట్టు, రొయ్యల గుంటల బురద. సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు బండికీ మనిషికీ తేడా తెలియలేదు. గిరిబాబు నోటితో మెచ్చుకోడు గాని, అన్నం తినేటప్పుడు పెద్ద చేప ముక్క ఎత్తి ఆ పిల్ల కంచంలో వేసినాడు. వాళ్ళతో వచ్చిన వినీల అనే ఇంజనీరమ్మాయి మాత్రం తిన్నదీ తినందీ తెలియకుండా కూర్చుంది. బండికి బ్రేకులు తయారుచేసింది ఆమే. ఇసకలో, బురదలో బ్రేకుల సత్తా ఏం తెలుస్తుంది? అసలు సంగతి మూడో రోజు గుట్ట మీద.

"రేపు దిగుడే ముఖ్యం," అన్నాడు గిరిబాబు చెయ్యి కడుక్కుంటా. "ఎక్కేది ఎవురైనా ఎక్కుతారు. దిగేటప్పుడే బండీ తెలుస్తాది, మనిషీ తెలుస్తాది. అబీ, రేపు సరిగ్గా దిగినావంటే నేను రాసేదేదో రాసేస్తా."

ఆ మాట రెబెక్కమ్మ చెవిన పడింది. ఆ గుట్ట ఆమెకి తెలుసు. మేకలు గూడా ఆలోచించి దిగే గుట్ట అది.

ఇంకేం నిద్ర! కోడి కూయగానే లేచింది. అబిగయీలు ఒళ్ళు తెలియకుండా పడుకొని ఉంది. దిండు కింద నించి తాళంచెవి మెల్లిగా లాగి, సీసా తీసుకొని, గది తలుపు తెరిచింది. "ప్రభువా, ఇది దొంగతనం కాదు, నీకు తెలుసు," అని ముందే ఒక మాట చెప్పుకుంది.

ముందు అలవాటు చొప్పున మూల నిలబడిన తన మోపెడుకి నూనె పెట్టింది. లైటు మీద, హ్యాండిలు మీద, సీటు మీద, తర్వాత ఒక్కో చక్రం నట్టనడుమ ఉండే ఇనప బుడిపె మీద. పొద్దున లేస్తే అదే వరసలో సిలువ గుర్తు వేసి బయల్దేరేది ఆ రోజుల్లో. ఎన్నిసార్లు పడినా ఎముక మాత్రం విరగలేదు. ఇప్పుడు కొత్త బండి వైపు తిరిగింది. లైటు మీద పెట్టింది. హ్యాండిలు రెండు కొసలా పెట్టింది. సీటు మీద పెడతా వెనక్కి వంగి చూస్తే ఏముంది! వెనక మడ్‌గార్డు కింద, ఎవురికీ కనపడని చోట, ఎర్రగా కుంకంబొట్టు. చక్రం కింద నిమ్మకాయ తొక్క చితికి అతుక్కొని ఉంది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఎవురూ ముట్టుకోకూడదంటివే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది రెబెక్కమ్మ. పోనీలే, ఆ బిడ్డ భయం ఆ బిడ్డది అనుకొని, బొట్టు చెరగకుండా చెయ్యి పక్కకి తీసింది. మిగిలిన రవ్వంత జంకు గూడా దాంతో పోయింది.

చక్రాల దగ్గరికొస్తే మోపెడుకున్నట్టు బుడిపె కనపడలేదు. దాని బదులు, చిల్లులు చిల్లులుగా, వెండి పళ్ళెంలాగా మెరిసే రేకు ఒకటి ఉంది. బాగుందే, నూనె పెట్టడానికే చేసినట్టున్నారు అనుకుంది. మనవరాలు గుట్ట దిగాలి కదా అని చుక్కతో సరిపెట్టకుండా, అరచేతిలో పోసుకొని రెండు చక్రాల పళ్ళేలకీ రెండు పక్కలా పెద్ద సిలువలు వేసింది. పెదాలు కదుపుతా మనసారా ప్రార్థన చేసింది. తలుపు తాళమేసి, చెవి మళ్ళా దిండు కింద దూర్చింది. ఆ తర్వాత వంజరం చేపల పులుసు వెచ్చబెడతా పాట గూడా పాడింది.

బండిని వ్యానులోకి ఎక్కించి గుట్ట కాడికి తీసుకుపోయినారు. కారియరు నేనిస్తా, వేడన్నం మీ కంపెనీ పెడతాదా అని రెబెక్కమ్మ గూడా ఎక్కి కూర్చుంది. కాదనే ధైర్యం ఎవరికుంది?

గుట్ట దారి నిండా గుండ్రాళ్ళు, మధ్యలో వాన కోసిన గండ్లు. దిగువన దారి ముగిసే చోట సున్నంతో అడ్డంగా గీత గీసినాడు గిరిబాబు. పైనించి దిగి ఆ గీత దగ్గర ఆపాలి. గీత అవతలంతా చదునైన బీడు, ఒకే ఒక వేపచెట్టు.

"అవ్వా, నువ్వు వ్యాను కాడ కూర్చో," అని చెప్పి గిరిబాబు, బండి ఎట్టా ఎక్కుతుందో చూడటానికి గుట్ట మీదికి నడిచినాడు. వినీల వ్యానులో తన కంప్యూటరు ముందర తల దించుకొని కూర్చుంది. వ్యాను కాడ ఎండ. రెబెక్కమ్మ కాసేపు చూసింది, ఇంకాసేపు చూసింది, కారియరు ఎత్తుకొని పోయి వేపచెట్టు నీడలో చతికిలబడింది. దారికి సరిగ్గా ఎదురుగా.

ఎక్కడం సునాయాసంగా ఎక్కేసింది అబిగయీలు. పైకిపోయి బండి తిప్పింది. దిగే మోత వినపడగానే రెబెక్కమ్మ కారియరు ఒళ్ళో పెట్టుకొని కళ్ళు మూసుకుంది. పుట్టి బుద్ధెరిగినాక ఆమె కళ్ళు మూయకుండా ప్రార్థన చేసింది లేదు. మోత దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. ఎందుకో ఇంజను అరుపు మారింది, రాళ్ళు ఎగిరి పడుతున్నాయి, ఆ తర్వాత ధబీమని పెద్ద శబ్దం.

కళ్ళు తెరిస్తే దుమ్ము. దారి పక్కనున్న సీమతుమ్మ పొదలో బండి పడి ఉంది. అబిగయీలు దాని పక్కన.

"అమ్మీ!" అని రెబెక్కమ్మ పెట్టిన కేకకి గుట్ట ప్రతిధ్వనించింది. మోకాళ్ళ నొప్పులు ఎక్కడికి పోయినాయో ఏమో, ఒక్క పరుగున పోయింది. పిల్ల అప్పటికే లేచి నిలబడింది. హెల్మెట్టు తీసింది. చెయ్యి నిండా ముళ్ళు గీరుకొని నెత్తురు చిమ్ముతుంది గాని, మనిషికి ఏమీ కాలేదు. "ఏం లేదవ్వా, ఏం లేదు," అంటా అవ్వ తలే నిమిరింది.

వినీల పరుగెత్తుకొచ్చింది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. గిరిబాబు పైనించి జారుకుంటా దిగొచ్చినాడు. పైనించి వాడికి దుమ్ము తప్ప ఏమీ కనపడలేదంట.

"ఏమైంది? బ్రేకు పోయిందా?"

అబిగయీలు ముందు చక్రం దగ్గర కూర్చుంది. ముఖం దగ్గరగా పెట్టి వాసన చూసింది. తర్వాత తల తిప్పి అవ్వ వైపు ఒక్క చూపు చూసింది. లేచి నిలబడింది.

"బ్రేకు బాగుంది సార్. నేనే. భయపడినా."

"భయపడినావా?"

"అవును సార్. భయపడి చేతులు సరిగ్గా ఆడలా."

గిరిబాబు టోపీ తీసి మోకాలికి కొట్టుకున్నాడు. వాడికీ బాధగానే ఉందని చూస్తేనే తెలుస్తుంది. "మే అబీ, నీకోసం నేను ఎందరితో కొట్లాడినానో నీకు తెలుసు. కానీ భయపడే మనిషిని ఈ పనికి పంపితే రేపు ప్రాణం మీదికొస్తాది. నేను ఉన్నది ఉన్నట్టే రాయాల."

"రాయండి సార్," అంది ఆ పిల్ల నేల చూస్తా.

భయమా! కాలవలో నించి లేచి మళ్ళా తోలతానన్న పిల్లకి భయమా! రెబెక్కమ్మకి ఒళ్ళు మండింది. ఏదో గట్టిగా అనబోయి బండి దగ్గరికి పోయింది. అప్పుడు తగిలింది ముక్కుకి. కాగిన ఇనుము మీద మాడిన కొబ్బరినూనె, సాంబ్రాణి. ఆ వాసన ఆమె బీరువాది, ఆమె రొంటిది, ఆమె చేతులది. లోకంలో ఇంకెవరిదీ కాదు.

"అబీ... ఇది..."

అబిగయీలు ఆమె మణికట్టు పట్టుకొని వ్యాను చాటుకి లాక్కుపోయింది. "నోరు తెరవబాకవ్వా."

"ఆ పళ్ళెం..."

"అది పళ్ళెం కాదు, బ్రేకు డిస్కు. నీ మోపెడుకి లోపల మూసిపెట్టి ఉంటాది, దీనికి బయటే ఉంటాది. నూనె తగిలితే పట్టదు. నీకెట్టా తెలుస్తాది? పోనీలే, ఇంటికి పోదాం."

"మరి నీ ఉద్యోగం?"

"పోతే పోయింది, షోరూము ఉందిగా. రెబెక్కమ్మ నూనె రాస్తే బండి పడిందంట అని ఒక్కడు అన్నాడంటే చాలు, ఊరంతా పాకుద్ది. రేపు జొరం వచ్చిన బిడ్డ కాడికి నిన్ను ఎవురన్నా పిలుస్తారా? ఇన్నేళ్ళు తిరిగి సంపాదించుకున్న పేరు. నా వల్ల పోవడానికి లేదు."

రెబెక్కమ్మ మనవరాలి ముఖంలోకి చూసింది. అది నిజం. నూనె పరువు, తన పరువు ఒకటే. ఎండలో, వానలో, పాములు తిరిగే గట్ల మీద తిరిగి సంపాదించింది అదొక్కటే. ఇటు చూస్తే, ఆ పిల్ల కళ్ళల్లో చిన్నప్పటినించీ ఉన్న ఒకే ఒక ఆశ. ఏది వదులుకోవాలో తేల్చుకోవడానికి ఆమెకి ప్రార్థన గూడా అవసరం లేకపోయింది.

కొంగు బిగించింది. "నాయనా గిరిబాబూ! ఇట్టా రా!"

"అవ్వా, వద్దు!"

"నువ్వు నోరు మూయి. అది భయపడలా నాయనా. నేనే. పొద్దున దాని దిండు కింద నించి తాళం తీసి, చక్రాలకి నూనె రాసినా. దానికి తెలవదు. రాసింది నా చెయ్యి, తప్పు నాది. ఏం రాసుకుంటావో నా పేరు రాసుకో."

ముందు కదిలింది వినీల. పరుగున పోయి తన చున్నీ కొసతో ఆ రేకు తుడిచి, వాసన చూసి, అట్టే నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. "నా బ్రేకు కాదు సార్! నా బ్రేకుకి ఏం కాలా! కొబ్బరినూనె సార్!"

గిరిబాబుకి మాత్రం నవ్వు రాలేదు. ముఖం కందగడ్డలాగా అయిపోయింది. "అవ్వా! ఎన్నిసార్లు చెప్పినా! ఎవురూ ముట్టుకోకూడదని చెప్పినానా లేదా? పిల్ల ప్రాణం పోయుంటే?"

"పోయుంటే నేను బతికుండేదాన్నా?" అంది రెబెక్కమ్మ. కళ్ళు తుడుచుకొని మళ్ళా అందుకుంది, ఊరుకునే మనిషి కాదు కదా! "తప్పు నాదే, తిట్టు, పడతా. కానీ ఎవురూ ముట్టుకోకూడదంటే ఎవురూ ముట్టుకోకూడదు గదా నాయనా. ఆ వెనక మడ్‌గార్డు కింద బొట్టు ఎవురు పెట్టినారు? బండే పెట్టుకుందా?"

గిరిబాబు తేలు కుట్టిన దొంగలాగా నిలబడిపోయినాడు. వినీల వంగి మడ్‌గార్డు కిందికి చూసి మళ్ళా నవ్వు ఎత్తుకుంది.

"అది... మా అమ్మ ఫోన్ చేసి పెట్టమనింది," అన్నాడు చివరికి.

"మీ అమ్మకి బిడ్డ భయం, నాకు బిడ్డ భయం. ఆమె తెలివిగలది, బ్రేకు కాడ పెట్టమనలా. నేను బుద్ధితక్కువదాన్ని. అంతే తేడా."

దాంతో వాడి కోపానికి గాలి పోయింది. టోపీ పెట్టుకొని, గుట్ట వైపు తిరిగి ఆ రాళ్ళ దారిని కిందినించి పైదాకా చూసినాడు. ఏదో తట్టినట్టు ఆగినాడు.

"రెండు చక్రాలకీ రాసినావా?"

"రెంటికీ. రెండు పక్కలా."

"వెనకదానికి గూడా?"

"అన్నిటికీ నాయనా, దాచేదేముంది!"

గిరిబాబు అబిగయీలు వైపు తిరిగినాడు. "అంటే నువ్వు ఆ రాళ్ళలో, ఆ గండ్లలో, బ్రేకన్నదే లేకుండా ఈడ దాకా తెచ్చినావు బండిని?"

"గేర్ల మీద పట్టుకున్నా సార్," అంది ఆ పిల్ల మెల్లిగా.

వాడు వ్యాను వెనక తలుపు తెరిచి పనిముట్ల పెట్టె దించినాడు. "వినీలా, బ్రేకు ప్యాడ్లు కొత్తవి వెయ్యి. డిస్కులు కడుగు. చుక్క నూనె మిగలకూడదు. మళ్ళా దిగాల."

పని అయ్యేదాకా రెబెక్కమ్మ దూరంగా, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది. పొరపాటున ఏదన్నా తగులుతుందేమోనని భయం. రొంటిన ఉన్న సీసా తీసి పొదలోకి విసరబోతుంటే గిరిబాబు కేకేసినాడు. "పారేయబాకవ్వా! ఇట్టా తీసుకురా."

"నన్ను ఎగతాళి చేయబాకు నాయనా."

"ఎగతాళి కాదు. ఇదుగో, ఈ చైను చూడు. బురదలో తిరిగి, కడిగి, ఎండిపోయి ఉండాది. నూనె పెట్టాలంటే దీనికి పెట్టాల. ఇది నూనె లేకపోతే బతకదు. రా, పెట్టు."

ఆమె సీసా మూత తీసింది. అబిగయీలు వెనక చక్రం మెల్లిగా తిప్పుతుంటే, చైను మీద ఒక్కో చుక్క వేసుకుంటా పోయింది. వినీల పాపం, ఎక్కడ ఒలుకుతుందో అని ఒక అట్టముక్క తన డిస్కుకి అడ్డం పట్టుకొని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. నూనె అయినాక రెబెక్కమ్మ రెండు మాటల ప్రార్థన చేసింది. ఆమేన్ అని తల ఎత్తితే, పక్కన గిరిబాబు చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు.

బండి ఎక్కబోతా అబిగయీలు ఆగింది. "సార్, ముందు అవ్వని వ్యానులో కూర్చోబెట్టండి. ఆ చెట్టు కిందికి పోతే నేను దిగను."

"ఏం, నా దిష్టి తగులుతాదా?" అని రెబెక్కమ్మ మూతి ముడుచుకుంది. అయినా, పుట్టినాక మొదటిసారి ఒకరు చెప్పిన చోటే కూర్చుంది. అంత దిగాలుగా ఉంది మనిషి.

పైనించి మోత మొదలైంది. అలవాటు చొప్పున రెప్పలు వాలినాయి. లేదు, వద్దు అనుకుంది. ప్రభువా, ఈ ఒక్కసారికి నన్ను చూడనియ్యి అని కళ్ళు పెద్దవి చేసుకొని కూర్చుంది. ఎన్నడూ చూడలేదు కదా ఆ పిల్ల తోలేది! మోపెడు మీద ముందర నిలబడిన పిల్లే ఆమె కళ్ళకి. ఇప్పుడు చూస్తే, బండి మీద నిలబడి, మోకాళ్ళు వదులుగా పెట్టి, రాయి రాయికీ ఒళ్ళు వంచుతా, పాటకి తాళం వేసినట్టు దిగుతా ఉంది. గండి దగ్గర చక్రం జారింది. రెబెక్కమ్మ వ్యాను సీటు పట్టుకుంది. చక్రం మళ్ళా దారిలోకొచ్చింది. చివరి వాలులో బండి ముక్కు వంచి, సున్నం గీత మీదికొచ్చి, ముందు చక్రం సరిగ్గా గీతని ముట్టుకొని ఆగింది.

"స్తోత్రం!" అని అరిచింది వినీల. ఆమెకీ సంఘానికీ ఏ సంబంధమూ లేదు, రెండు రోజులుగా ఆ ఇంట్లో విని విని నోటికి వచ్చేసింది.

గిరిబాబు పోయి గీతనీ చక్రాన్నీ వంగి చూసినాడు. "రాస్తా," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టే రాస్తా. బ్రేకు లేకుండా ఒకసారి, బ్రేకుతో ఒకసారి, రెండు సార్లూ గుట్ట దిగిందని. ఇంతకన్నా బాగా దిగేవాళ్ళు ఇంకెవురన్నా ఉంటే తెచ్చుకోండని గూడా రాస్తా. తాళంచెవి జాగ్రత్తగా పెట్టుకోనందుకు నేనే నాలుగు తిడతా, అది మన మధ్యన."

"నూనె సంగతి రాస్తావా నాయనా?"

"రాయక తప్పదవ్వా."

"రాయిలే. మరి బొట్టు సంగతి?"

"అది ఆ దేవుడికి తెలుసు," అని వాడు గబగబా వ్యాను వైపు నడిచినాడు.

అబిగయీలుని దగ్గర కూర్చోబెట్టుకొని, ముళ్ళు తీయడానికి చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది రెబెక్కమ్మ. సంతోషంతో లోపల పొంగిపోతా ఉంది గాని, ఒక మాట మాత్రం మిగిలిపోయింది. మనసులో ఉంచుకోవడం ఆమెకి చేతకాదు.

"మే, అన్నీ సరే. భయపడినానని అబద్ధం ఎందుకు చెప్పినావు? నేను నేర్పినానా అబద్ధం?"

"అబద్ధం కాదవ్వా. నిజంగానే భయపడినా."

"నువ్వా? పో మే!"

"బ్రేకు పట్టలేదని తెలిసినప్పుడు కాదు. అప్పుడు ఏం లేదు. నేరుగా వదిలేస్తే గీత దాటి ఆ బీడులో పోయి పోయి అదే ఆగిపోయేది. గీరుకునేది గూడా లేదు." ఆ పిల్ల వేపచెట్టు వైపు గడ్డం చూపించింది. "తల ఎత్తి చూస్తే ఎదురుగా నువ్వు. కారియరు ఒళ్ళో పెట్టుకొని, కళ్ళు మూసుకొని. అప్పుడు భయపడినా. చేతులు ఆడలా. ఇంక బండిని పొదలోకి తిప్పేసినా."

రెబెక్కమ్మ అటు చూసింది. చెట్టు కింద కారియరు పడి ఉంది. దారిలో చక్రం జాడ తిన్నగా చెట్టు వైపే వచ్చి, గీతకి కొంచెం ముందుగా, ఉన్నట్టుండి పక్కకి తిరిగి ముళ్ళలోకి పోయింది.

ఆమె తల దించుకొని ముళ్ళు తీసింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. వ్యాను కాడ నించి వినీల ఆకలేస్తుందని పిలిచింది. గిరిబాబు పోయి కారియరు తెచ్చి మూత తీసినాడు, పులుసు వాసన ఇక్కడ దాకా వచ్చింది.

"అయిపోయినాయా అవ్వా?" అంది అబిగయీలు.

"కదలబాకు. ఇంకా ఉండాయి," అంది రెబెక్కమ్మ. ముళ్ళన్నీ ఎప్పుడో అయిపోయినాయి. ఆ సంగతి అబిగయీలుకీ తెలుసు, అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.